బైబిలు ప్రవచనములలోని ప్రతీకలు: వాని నర్థము చేసికొను త్రోవ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవములలో రామాయణ భాగవతములను గూర్చి ప్రసంగించుటకు పెద్దలు పలువురు గలరు. కార్యవర్గమువారు నా కప్పగించిన విషయము వేఱు. బైబిలులోని దర్శనములయందు మృగములు, కొమ్ములు, ముద్రలు, అంకెలు విరివిగా కనబడును. వాని నెట్లు అర్థము చేసికొనవలెను? ఇదియే నేటి ప్రశ్న. మన గ్రంథాలయమునుండి ఆ గ్రంథమును తీసికొనిపోవువారిలో క్రైస్తవులును గలరు, ఇతరులును గలరు. తిరిగి తెచ్చి యిచ్చునప్పుడు ఉభయులును అడుగు ప్రశ్నలు మాత్రము రెండే: “ఈ మృగ మెవరు? లోకాంత మెప్పుడు?” నేను బోధకుడను గాను, లెక్కలు వ్రాసి జీవించువాడను. అయినను, ఒక గ్రంథమును చదువవలసిన తీరున చదివినచో ఆ రెండు ప్రశ్నలకంటె మేలైన ప్రశ్న మూడవది యొకటి గలదని తోచును. “ఈ మాట యెవరి దుఃఖము తీర్చుటకు చెప్పబడినది?” అనునదే యా ప్రశ్న. నేటి నా ప్రసంగమంతయు దీనిచుట్టునే తిరుగును.

మొదట మన ప్రాంతమును తలచుకొందము. దుమ్ముగూడెము మండలములోనే పర్ణశాల గలదు. సీతారాములు వనవాసకాలమున అచ్చట వసించిరని మన పూర్వులనుండి వచ్చుచున్న నమ్మకము. అదే మండలమున, అదే గోదావరి యొడ్డున, 1860 ప్రాంతమున నదిలో పడవల రాకపోకలకై ఆనకట్ట పని సాగుచుండగా, ఆ పనుల యధికారియైన కెప్టెన్ హెయిగ్ అను ఇంజనీరు ప్రోత్సాహమున కోయవారి నడుమ క్రైస్తవ ప్రచారము మొదలయ్యెను. 1871లో ఆ నౌకాయాన పనులు నిలిచిపోయినవి. ప్రచారము మాత్రము నిలువలేదు. అటుపిమ్మట జాన్ కెయిన్ అను బోధకుడు దుమ్ముగూడెమున ఏండ్లతరబడి యుండి, కోయల జీవితమును గూర్చి ‘ఇండియన్ యాంటిక్వెరీ’ పత్రికలో వ్యాసములు వ్రాసెను. ఇక తెలుగున బైబిలు అచ్చగుట అంతకు ముందుమాట. 1812లోనే సీరాంపూరునందు మూడు సువార్తలు తెలుగులో వెలువడినవి. కాబట్టి ఈ గ్రంథము మన భాషకు నిన్న మొన్న వచ్చిన చుట్టము గాదు. చిరకాలముగా మన ఇంట నున్నదానిని పరిచయము లేనిదానివలె చూచుట మనకు తగదు.

ప్రతీకలతో నిండిన దర్శనములు బైబిలున ముఖ్యముగా రెండు చోట్ల గలవు. పాత నిబంధనలో దానియేలు గ్రంథము ఒకటి. క్రొత్త నిబంధన చివర నున్న ప్రకటన గ్రంథము రెండవది. రెండవదానికి గ్రీకు భాషలోని పేరు ‘అపోకలుప్సిస్’. ముసుగు తొలగించుట యని దాని యర్థము. ముసుగు తీయుటకై వ్రాసిన గ్రంథమును మనము ముసుగు వేసినదానివలె చూచి భయపడుచున్నాము!

స్వప్నములో కనబడిన గుర్తులు భావిని సూచించుట మనకు క్రొత్త గాదు. సుందరకాండలోని త్రిజటాస్వప్నమును తలచుకొనుడు. అశోకవనమున సీత రాక్షసస్త్రీల నడుమ బందీయై, ప్రాణమునే విడువ దలచిన వేళ, ముసలి రాక్షసి త్రిజట తన కలను చెప్పెను. రాముడు తెల్లని మాలలు దాల్చి గొప్ప ఏనుగు నెక్కి వచ్చెనట. రావణుడు తల గొరిగించుకొని, తైలము పూసికొని, గాడిదపై దక్షిణదిశకు పోయెనట. లంక సముద్రమున కూలెనట. ఈ కలలో ఏనుగునకు కొలత లేదు, గాడిదకు వెల లేదు, లంక కూలు తిథి లేదు. “ఏ నెలలో, ఏ వారమున?” అని సీతయు అడుగలేదు. ఆమెకు కావలసినది తిథి గాదు. తెల్లవారువఱకు బ్రతికి యుండుటకు కొంత ధైర్యము. ఆ కల ఆ ధైర్యము నిచ్చెను.

ఇక దానియేలు గ్రంథమును చూడుడు. బబులోను రాజగు నెబుకద్నెజరు యెరూషలేమును కొల్లగొట్టి, దేవాలయమును కాల్చి, యూదులను చెఱపట్టెను. దేవాలయము నాశనమైనది క్రీస్తునకు పూర్వము 587 ప్రాంతమున. అట్లు చెఱకు పోయిన వారిలో దానియేలు ఒకడు. రాజునకు ఒక కల వచ్చెను. కలలో గొప్ప విగ్రహము; తల బంగారము, రొమ్ము వెండి, నడుము ఇత్తడి, కాళ్లు ఇనుము, పాదములు కొంత యినుము, కొంత మన్ను. చేతులతో తీయబడని ఒక రాయి వచ్చి ఆ పాదములను కొట్టెను. విగ్రహమంతయు కళ్లములోని పొట్టువలె గాలికి పోయెను. రాయి పర్వతమై భూమిని నిండెను. దీనికి దానియేలు చెప్పిన భావము: బంగారు తల నీవే, నీ తరువాత మఱికొన్ని రాజ్యములు వచ్చును, అవియు పోవును, దేవుని రాజ్య మొక్కటి నిలుచును.

ఆ రాజ్యము లేవి యన్న ప్రశ్నకు రెండు సమాధానములు గలవు. బబులోను, మాదీయ–పారసీకము, గ్రీకు, రోమా అని ప్రాచీన సంఘములు చెప్పుకొనినవి. బబులోను, మాదీయ, పారసీక, గ్రీకు అని నేటి పండితులు పలువురు చెప్పుదురు. గ్రీకు రాజగు నాలుగవ అంతియొకసు క్రీస్తునకు పూర్వము 167లో యెరూషలేము దేవాలయమును అపవిత్రము చేసి యూదులను హింసించెను. ఆ కాలముననే ఈ గ్రంథము ప్రస్తుత రూపము దాల్చినదని వారి యభిప్రాయము. దానియేలు కాలమునాటిదే యని విశ్వాసులు పలువురు నమ్ముదురు. ఈ వాదము తేలవలసిన యవసరము మన కిప్పుడు లేదు. ఏ పక్షమున జూచినను గ్రంథము చెఱలో నున్నవానికో, హింసపడుచున్నవానికో చెప్పిన మాటయే. కుమ్మరి మన్నును కమ్మరి యినుమును కలిపి పోత పోసినచో అతుకదని మన యూరిలో పిల్లవాడైనను ఎఱుగును. ఎంత బంగారు తల యైనను అట్టి పాదములపై నిలువజాలదని బందీకి చెప్పుట ఎంతటి యోదార్పు!

ప్రకటన గ్రంథము వ్రాసిన యోహాను పత్మాసు ద్వీపమున నుండి దానిని వ్రాసెను. తన విశ్వాసము నిమిత్తము అచ్చట నున్నానని ఆయనయే చెప్పుకొనెను. రోమా చక్రవర్తి దొమిషియను కాలమున, అనగా క్రీస్తు శకము 95 ప్రాంతమున, ఇది పుట్టినదని పలువురి నిర్ణయము. చక్రవర్తిని దేవునిగా కొలువుమను ఒత్తిడి నాటి సంఘములపై నుండెను. చెఱలో పుట్టిన వాక్కు ఎట్లుండునో భద్రాచలము దాపున నున్న మనకు వేఱొకరు చెప్పనక్కఱలేదు. పాల్వంచ తహసీల్దారుగా నుండి, సర్కారు సొమ్ముతో రామునకు గుడి కట్టించి, గోలకొండ చెఱసాల పాలైన కంచెర్ల గోపన్న కీర్తనలు పాడుకొనుచునే పెరిగితిమి. ఆయన నిష్ఠురపు మాటలను లెక్కల పుస్తకముగా చదువువాడు మూఢుడు. యోహాను మాటలను పంచాంగముగా చదువువాడును అట్టివాడే. కనుక మొదటి సూత్రమిది: దర్శనము ఎవరి కొఱకు కలిగినదో ముందుగా తెలిసికొనుము.

రెండవ సూత్రము: గ్రంథము తన తాళపుచెవిని తానే యిచ్చిన చోట మఱియొక తాళపుచెవిని చేయింపకుము. భాగవత చతుర్థస్కంధములోని పురంజనోపాఖ్యానము మీలో చాలమంది విన్నదే. తొమ్మిది ద్వారముల పురము, దానిలో పురంజనుడను రాజు, అతనిపై దండెత్తి వచ్చిన చండవేగుడు, వాని మున్నూట అరువదిమంది గంధర్వులు. కథ ముగిసినపిదప నారదుడే ప్రాచీనబర్హికి విప్పి చెప్పెను: పురము దేహము, రాజు జీవుడు, చండవేగుడు సంవత్సరము, ఆ గంధర్వులు దినములు. నారదుడు చెప్పిన తరువాత “ఆ గంధర్వులు ఫలానా రాజు సైనికులు” అని యెవడైన వాదించినచో మనము నవ్వుదుము గదా.

బైబిలు దర్శనములయందును ఇట్టి పద్ధతియే కలదు. దానియేలు ఎనిమిదవ అధ్యాయములో రెండు కొమ్ముల పొట్టేలు మాదీయ పారసీక రాజులనియు, దానిని త్రొక్కిన మేకపోతు గ్రీకు రాజనియు గబ్రియేలను దేవదూతయే చెప్పెను. ప్రకటన మొదటి అధ్యాయములో ఏడు దీపస్తంభములు ఏడు సంఘములని అచ్చటనే కలదు. ఆ సంఘములు ఎఫెసు, స్ముర్న, పెర్గము, తుయతైర, సార్దీస్, ఫిలదెల్ఫియ, లవొదికయ. ఇవి నేటి టర్కీ దేశపు పడమటి భాగమున పటములో వ్రేలుపెట్టి చూపదగిన యూళ్లు. పండ్రెండవ అధ్యాయములోని మహాసర్పము అపవాది యనియు, పదునేడవ అధ్యాయములోని జలములు జనసమూహము లనియు, పందొమ్మిదవ అధ్యాయములోని తెల్లని నారబట్టలు పరిశుద్ధుల నీతిక్రియ లనియు గ్రంథకర్తయే చెప్పెను. మృగముయొక్క ఏడు తలలు ఏడు కొండలనెను. ఏడు కొండలపై నున్న నగరము రోమని నాడు చదువరులందఱు ఎఱుగుదురు. ఇన్ని తాళపుచెవులు గ్రంథములోనే వ్రేలాడుచుండగా మనము ఊహాలోకమున వెదకుట యెందుకు?

మూడవ సూత్రము: క్రొత్త గ్రంథములోని బొమ్మ చాలవఱకు పాత గ్రంథములోని బొమ్మయే. మన కవులు ‘పాంచాలీ మానసంరక్షణము’ అనగనే భారతకథ యంతయు శ్రోత మనసున మెదలినట్లు, యోహాను ఒక గుర్తు చెప్పగనే పూర్వగ్రంథములు నాటి శ్రోతలకు మెదలును. దానియేలు ఏడవ అధ్యాయమున సముద్రమునుండి నాలుగు మృగములు వచ్చినవి: సింహమువంటిది, ఎలుగుబంటివంటిది, చిఱుతపులివంటిది, పేరు లేనిది. నాలుగును నాలుగు రాజ్యములు. యోహాను వాని నన్నింటిని ఒక్కటిగా చేసెను. దేహము చిఱుతది, పాదములు ఎలుగువి, నోరు సింహముది. అనగా వెనుకటి రాజ్యముల క్రౌర్యమంతయు ఒకచోట చేరినదని భావము. సింహము మన యడవిలో లేదు గాని, తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరబోవువారికి ఎలుగు భయమెట్టిదో తెలియును. అధికారము మానవత్వమును కోల్పోయినప్పుడు దానికి మృగమని పేరుపెట్టుట వారికి విప్పి చెప్పనక్కఱలేదు.

ఈ సూత్రము తెలియనందున కలుగు అనర్థమున కొక యుదాహరణము. మృగముయొక్క ముద్ర కుడిచేతిపైనను నొసటిపైనను లేనివాడు కొనుటకును అమ్ముటకును వీలులేదని పదుమూడవ అధ్యాయములో గలదు. దీనిని చూచి మన కాలమున వస్తువులపై గీతలముద్రయే అది యనియు, ఆధారు సంఖ్యయే అది యనియు భయపడినవారు గలరు. కాని ద్వితీయోపదేశకాండమును చదువుడు. దేవుని యాజ్ఞలను చేతికి గుర్తుగా కట్టుకొనుమనియు, కన్నుల నడుమ నుంచుకొనుమనియు అచ్చట చెప్పబడినది. చేయి క్రియకు గుర్తు, నొసలు తలపునకు గుర్తు. ప్రకటన పదునాలుగవ అధ్యాయములో గొఱ్ఱెపిల్లను వెంబడించువారి నొసళ్లపైనను ఒక నామము గలదు. నొసట నామమో విభూతియో చూచి ఇతడు ఎవరి దాసుడని పోల్చుకొనుట మన దేశాచారమే గదా. కాబట్టి ఆ ముద్ర అడుగుచున్న ప్రశ్న “నీ కార్డుపై నంకె ఎంత?” యని కాదు, “నీ తలపును నీ క్రియయును ఎవరివి?” అని. మొదటి ప్రశ్నకు భయపడుట సులభము. రెండవదానికి బదులు చెప్పుట కష్టము. అందుచేతనే కాబోలు, మనుష్యులు మొదటిదానినే కోరుదురు.

ఇప్పుడు గ్రంథమున కంతటికిని గుండెకాయవంటి దృశ్యమును చెప్పుదును. అయిదవ అధ్యాయములో ఏడు ముద్రలు వేసిన ఒక గ్రంథపుచుట్ట గలదు. దానిని విప్పగల యోగ్యుడు ఎవడును లేనందున యోహాను ఏడ్చుచుండెను. అంతట పెద్దలలో ఒకరు, “ఏడువకుము, యూదా గోత్రపు సింహము జయించినది” అను భావము గల మాట చెప్పెను. యోహాను తిరిగి చూచెను. చూడగా కనబడినది సింహము గాదు, వధింపబడినట్టున్న గొఱ్ఱెపిల్ల!

స్తంభమునుండి నరసింహుడు వెడలిన కథ విన్న మనకు సింహము వచ్చుట వింత గాదు. చెవికి సింహమై, కంటికి గొఱ్ఱెపిల్లయగుట వింత. యూదా సింహము ఆదికాండములోని మాట. గొఱ్ఱెపిల్ల నిర్గమకాండములో బానిసత్వమునుండి విడుదలైన రాత్రి వధింపబడినది. రెండు పాత బొమ్మలను ఒకదానిపై నొకటి నిలిపి, జయించుట యనగా చంపుట గాదు, చంపబడుటకైనను సిద్ధపడి సత్యమును విడువకుండుట యని యోహాను చెప్పుచున్నాడు. ఈ యొక్క దృశ్యమును మనసున నిలుపుకొనినచో తరువాత వచ్చు యుద్ధములు, బూరలు, పాత్రలు అన్నియు దాని వెలుగులోనే చదువవచ్చును. దానిని మఱచినచో గ్రంథమంతయు రక్తపాతముగనే కనబడును. పరమతస్థులపై కోపము పెంచుకొనుటకు దీనిని వాడుకొనువా రెవరైన నున్నచో, వారు ఈ యధ్యాయమును దాటిపోయి చదివినవారే.

పండ్రెండవ అధ్యాయములోని స్త్రీమూర్తిని గూర్చి ఒక మాట. ఆమె సూర్యుని ధరించినది; పాదములక్రింద చంద్రుడు, తలపై పండ్రెండు నక్షత్రముల కిరీటము. ఆమె ప్రసవవేదన పడుచుండగా సర్పము బిడ్డను మ్రింగుటకు కాచుకొనియుండెను. బిడ్డ దేవునియొద్దకు ఎత్తబడెను. ఆమె అరణ్యమునకు పాఱిపోగా అచ్చట ఆమెకు పోషణ దొరకెను. రోమను కథోలికులు ఈమెను కన్య మరియగా తలతురు. ఇశ్రాయేలు జనమనియు, సంఘమనియు ఇతరులు చెప్పుదురు. ఒక ప్రతీక రెండుమూడు అర్థములను మోయగలదు. శ్లేష నెఱిగిన తెలుగు పాఠకునకు ఇది కష్టము గాదు. నిండుచూలాలైన సీతకు అడవిలోని ఆశ్రమమే దిక్కయినది. రెండు కథలు ఒకటి గావు. వానిని ఒకటిగా కలుపుట ఉభయులకును న్యాయము గాదు. అయినను, నగరము తరిమినవారిని అడవి కాచునన్న మాట ఈ యడవి యంచున నున్న మనకు సులభముగ తెలియును.

ఇక అంకెల మాట. ఇది నా వృత్తికి దగ్గఱ గనుక కొంచెము నిలిచి చెప్పుదును. లెక్కల పుస్తకములో ఏడనగా ఏడే. ప్రవచనములో ఏడు పూర్ణతకు గుర్తు. అందులో సగము, అనగా మూడున్నర, విఱిగిపోయినదానికి గుర్తు. ప్రకటనలో 42 నెలలు, 1260 దినములు, ‘ఒక కాలము, కాలములు, అర్ధకాలము’ అని మూడు విధములుగా వచ్చునది ఒకే లెక్క. నెలకు 30 దినముల చొప్పున 42 నెలలు 1260 దినములు, అది మూడున్నరేండ్లు. శ్రమ యెంత పొడుగైనను అది సగములో తెగునే గాని పూర్ణము గాదు అని దీని సారము. అట్లే 1,44,000 అను సంఖ్య పండ్రెండును పండ్రెండుతో హెచ్చవేసి, దానిని వేయితో హెచ్చవేయగా వచ్చినది. ఇచ్చటను సింహము–గొఱ్ఱెపిల్ల కథయే జరిగినది. యోహాను ఆ లెక్కను చెవితో వినెను. కన్నెత్తి చూడగా ఎవడును లెక్కింపజాలని సమూహము, ప్రతి జనములోనుండియు ప్రతి భాషలోనుండియు వచ్చినది, కనబడెను. రక్షింపబడువారు ఇంతమందియే యని చిట్టా మూసివేయువారు ఆ రెండవ దృశ్యమును చూడవలెను.

వేయేండ్ల రాజ్యము మాటయు నిట్టిదే. భాగవతమున గజేంద్రుడు మొసలితో వేయేండ్లు పోరాడెను. ఆ పోరాటము ఏ శకవర్షమున మొదలయ్యెనని మన మెన్నడైన నడిగితిమా? ఆ వేయేండ్లు ఓర్పునకు కొలత యని పోతన్నను విన్న పామరుడును గ్రహించును.

అన్నిటికంటె ప్రసిద్ధమైన అంకె 666. బుద్ధి గలవాడు దీనిని లెక్కింపవలెనని గ్రంథకర్త చెప్పుటచే లెక్కింపనివాడు లేడు. అక్షరములతో అంకెలు తెలుపుట మనకును గలదు. నేత్రము రెండు, బాణము అయిదు, చంద్రుడు ఒకటి. ‘నేత్ర బాణ చంద్ర’ అనగా కుడినుండి ఎడమకు పేర్చగా 152. సంగీతములో ‘మాయామాళవగౌళ’ యందు ‘మా’ అయిదు, ‘యా’ ఒకటి. త్రిప్పి చదివినచో 15, అది పదునైదవ మేళకర్త. హెబ్రీయులకును అక్షరములే అంకెలు. ‘నీరో కైసరు’ అను పేరును హెబ్రీ లిపిలో వ్రాసినచో అక్షరముల విలువలు 50, 200, 6, 50, 100, 60, 200. కూడి చూడుడు: 666. కొన్ని ప్రాచీన ప్రతులలో ఈ యంకె 616 అని గలదు. నీరో పేరును చివరి నకారము లేకుండ వ్రాయు పద్ధతియు గలదు. ఆ 50 తీసివేసినచో 616. రెండు పాఠములును ఒకే పేరునకు సరిపోవుటచే, క్రైస్తవులను ఘోరముగ హింసించిన ఆ చక్రవర్తియే లక్ష్యమని పండితులు పలువురు తలతురు.

కాని అంకె నొకదానిని ముందు పెట్టుకొని పేరును వెదుకువానికి పేరులు తక్కువ గావు. టాల్‌స్టాయి రచించిన ‘యుద్ధము–శాంతి’ నవల చదివినవారికి పియరు అను పాత్ర గుర్తుండును. అతడు నెపోలియను బిరుదును ఫ్రెంచి అక్షరములతో కూడి 666 రాబట్టును. పిదప ఆ మృగమును సంహరించువాడు తానే కావలెనన్న కోరికతో తన పేరును కూడి చూచును. అంకె కుదురదు. ఒక అక్షరమును వ్యాకరణవిరుద్ధముగ తీసివేసి ఎట్లో కుదుర్చుకొని సంతోషించును. మొత్తము ముందుగా వ్రాసి పద్దులు తరువాత చేర్చు లెక్క యెట్టిదో మన సంఘములలో తనిఖీ చేసినవా రెఱుగుదురు. అది లెక్క గాదు, సరిపెట్టుట.

ఇట్టి సరిపెట్టుట వినోదముతో ఆగినచో బాధ లేదు. అమెరికాలో విలియం మిల్లరు అను రైతు దానియేలు గ్రంథములోని 2300 దినములను ఏండ్లుగా లెక్కించి క్రీస్తు రాకకు కాలము కట్టెను. ఆయన యనుచరులు 1844 అక్టోబరు 22 ఆ దినమని నిశ్చయించుకొనిరి. పంట కోయక పొలమున విడిచినవారు కూడ గలరు. దినము వచ్చెను, పోయెను. వారి దుఃఖమునకు చరిత్రలో ‘మహా నిరాశ’ యని పేరు నిలిచెను.

అంత దూరము పోనక్కఱలేదు. కొన్నేండ్ల క్రిందట మన ప్రాంతపు రైతొకడు నాయొద్దకు వచ్చి, “అయ్యా, వచ్చే ఏటికి లోకమే ఉండదంట గదా, ఇంక ఈ అప్పు వాయిదా కట్టాలా వద్దా?” అని యడిగెను. నవ్వు వచ్చినది గాని, అతని ముఖము చూచి నవ్వలేకపోతిని. దారిన పోవు బోధకుడొకడు అంకెలు వేసి చూపెనట. అప్పటికే అతడు కాడియెద్దులను సగము వెలకు అమ్ముకొనెను. రెండవ పంట వేయలేదు. ఏడాది గడిచినది. లోకము ఉన్నది, అప్పు ఉన్నది, ఎద్దులు లేవు. మఱుసటి యేడు అద్దెయెద్దులతో దున్నుకొనెను. అంకెలు వేసినవాడు మరల ఈ దారిని రాలేదు. ఆ నష్టమును ఏ పద్దు క్రింద వ్రాయవలెనో నా వృత్తిలో ఎవరును నేర్పలేదు. ఆ దినమును గాని ఆ గడియను గాని ఎవడును ఎఱుగడని క్రీస్తే చెప్పెనని మత్తయి సువార్త ఇరువదినాలుగవ అధ్యాయములో స్పష్టముగ గలదు. ఆ యొక్క మాట ఆ రైతునకు ఎవరైన చదివి వినిపించియున్నచో ఎద్దులు దక్కెడివి.

ఈ పొరపాటు ఒక్క మతముదని యెవరును తలపవలదు. ఏ వింత జరిగినను జరిగిన తరువాత “బ్రహ్మముగారు కాలజ్ఞానములో ముందే చెప్పిరి” అనుట మన యింటను గలదు. జరిగిన పిదప సరిపెట్టుకొనుటవలన బ్రహ్మముగారి గౌరవము పెరుగదు. కులభేదములను ఖండించిన ఆయన బోధ మాత్రము మఱుగున పడును.

ప్రకటన గ్రంథమును చదువువారిలో నాలుగు మార్గములవారు గలరని చెప్పుట న్యాయము. ఇది రోమా కాలముననే చాలవఱకు నెఱవేఱినదని కొందఱు. సంఘచరిత్ర యంతయు ఇందు క్రమముగ నున్నదని కొందఱు. ముఖ్యభాగము ఇక ముందు జరుగవలసినదని కొందఱు. అన్ని కాలములందు మంచి చెడుగుల పోరాటమునకు ఇది చిత్రమని కొందఱు. క్రీస్తు తిరిగి వచ్చునను నమ్మకము క్రైస్తవులకు ప్రాణము. దానిని తక్కువచేయుట నా యుద్దేశము గాదు. నమ్మకము వేఱు, తేదీ కట్టుట వేఱు అని మాత్రమే నా మనవి.

“తేదీ చెప్పని హెచ్చరికవలన ప్రయోజనమేమి?” అని మీ రడుగవచ్చును. దీనికి సమాధానము మన గోదావరియే చెప్పును. భద్రాచలమునొద్ద నీటిమట్టము 43 అడుగులైనప్పుడు మొదటి ప్రమాదహెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు ఎక్కినది. 2022 జులైలో 71.3 అడుగులు తాకినది. మొదటి హెచ్చరిక వినగనే మన తల్లులు ఏమి చేయుదురు? ఏ గడియకు నీరు గడప దాటునో లెక్కలు వేయుచు కూర్చుందురా? బియ్యపుమూట అటకపై పెట్టుదురు. పలుపులు విప్పి పశువులను మెరకకు తోలుదురు. ప్రక్కయింటి ముసలమ్మను చేయిపట్టి నడిపింతురు. హెచ్చరిక యర్థమైనదనుటకు అదియే గుర్తు. ప్రవచనము నర్థము చేసికొనుటయు నిట్టిదే. దానియేలును చదివి గర్వము తగ్గినచో, యోహానును చదివి హింసపడువాని ప్రక్కన నిలిచినచో, అర్థమైనట్లు. చదివి ఎద్దులను అమ్ముకొనినచో, పొరుగువానిని ద్వేషించినచో, అర్థము గానట్లు.

చివరగా ఒక మాట. ఇంత భయంకరమైన దృశ్యములు గల గ్రంథము భయముతో ముగియలేదు. కడపటి అధ్యాయములలో ఒక పట్టణము గలదు. దాని గుమ్మములు పగలు మూయబడవు, అచ్చట రాత్రి లేదు. దాని నడుమ స్ఫటికమువంటి జీవజలనది. నది కిరువైపుల జీవవృక్షము, నెలనెలకు ఫలించును. దాని యాకులు జనములను స్వస్థపఱచుటకు. వరదను చూచినవారికి ఆ నది యేమో తెలియును. ఆకు పసరుతో గాయము మాన్పుకొను కోయన్నలకు ఆ చెట్టు ఏమో తెలియును. మృగముతో మొదలుపెట్టి భయపడిన పాఠకుడు ఈ చెట్టు నీడవఱకు నడువక పుస్తకము మూసినచో, నష్టము పాఠకునిదే.

మన గ్రంథాలయపు బీరువాలో బైబిలు, భాగవతము, ఖురాను ఒకే వరుసలో ఇరువదియైదేండ్లుగా నిలిచియున్నవి. అవి తమలో తాము ఎన్నడును తగవులాడలేదు. వానిని ఆ వరుసలో పెట్టిన పెద్దలకు కృతజ్ఞత చూపు త్రోవ ఒక్కటే. ఎవరో అంకెలు వేసి చూపినదానిని నమ్ముటకు ముందు, ఆ పుస్తకమును తామే తీసి, మొదటినుండి తుదివఱకు, తొందరపడక చదువుట. చందా మీరు కట్టుచునే యున్నారు, పుస్తకము మీదే.